గోమార్లు ఏరే పిల్ల

పెళ్ళిచూపులకు ముందు ఇంకో చూపు ఉంటుంది. దానికి పేరు లేదు. అబ్బాయి తల్లీ, మేనత్తా కలిసి "ఇటుగా పోతూ ఓసారి చూసిపోదామని వచ్చాం" అంటూ వస్తారు. మంచినీళ్ళతో మొదలుపెట్టి మన గోడల సున్నం దాకా చూసిపోతారు. ఆడపిల్లల తల్లులకు నేను చెప్పనక్కర్లేదు.

దసరా వెళ్ళిన వారానికి మంచిర్యాల నుంచి అలా ఇద్దరు మా శ్రీరాంపూర్ వచ్చారు. గారెలు వేశాను. టీ పెట్టాను. "అమ్మాయి ఏం చేస్తుందీ?" అన్నది తల్లిగారు.

"పరిశోధన," అన్నాను. ఈ మాట ముందే ఎంచి పెట్టుకున్నాను. నిండుగా ఉంటుంది, వినేవాళ్ళు సాధారణంగా అక్కడితో ఆగిపోతారు. కాని ఆ మేనత్తగారు రిటైరైన పంతులమ్మ. ఆగుతుందా?

"దేని మీద?"

"అడవి జ్వరాల మీదండీ... వైరస్‌లూ, అవీ..." అని నేను నీళ్ళు నములుతుంటే, అంతసేపూ పేపరు వెనక దాక్కున్న మావారు కళ్ళద్దాల పైనుంచి చూసి, "గోమార్ల మీదండీ!" అన్నారు. కూతురు కలెక్టరని చెప్పినంత ధీమాగా!

తల్లిగారి చేతిలో గారె నోటిదాకా పోయి ఆగిపోయింది. "గోమార్లంటే... కుక్కలకు పడతాయి, అవేనా?"

"అవే. అడవిలో తెల్లగుడ్డ పరిచి లాగి, దానికి పట్టుకున్నవాటిని ఏరుతుంది మా బిడ్డ."

వాళ్ళు పోయాక ఆ పూట మా ఇంట్లో ఏం జరిగిందో రాయను. మీ ఇంట్లో జరిగేదే.

నిజం చెప్పొద్దూ, నాకూ మొదట గారె ఆగిపోయినట్లే అయింది. మా పుట్టింట్లో బర్రెలుండేవి. పల్లెలో వీటిని పిడుదులనీ అంటారు. రాత్రి దీపం పెట్టుకుని మా అమ్మ బర్రె చెవుల వెనకా, పొదుగు పక్కనా వెతికి వెతికి ఏరి నిప్పులో పడేసేది. చిట్‌మని పేలేవి. ఆ చప్పుడుకే నాకు కడుపులో తిప్పేది. అంత కష్టపడి బర్రెల కొట్టం నుంచి క్వార్టర్ల దాకా వచ్చి, పిల్లను జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ దాకా చదివిస్తే, అది మళ్ళీ గోమార్ల దగ్గరికే పోయింది! మా అమ్మ ఉంటే నవ్వేది.

అదేం పరిశోధనో, ఎందుకో మా అమ్మాయి వంటింటి గడప మీద కూర్చుని చెప్పింది. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నాను. విన్నది విన్నట్లు చెబుతాను.

1957లో, ఎండలు ముదరకముందే, అప్పటి మైసూరు రాష్ట్రం శివమొగ్గ జిల్లాలో క్యాసనూరు అనే అడవి చుట్టుపక్కల కోతులు చచ్చి పడిపోవడం మొదలైందట. కొండముచ్చులూ, మామూలు కోతులూ కూడా. వాటి వెనకే మనుషులకు జ్వరం. ఉన్నట్టుండి తలపగిలే నొప్పి, ఒళ్ళు నొప్పులు, కొందరికి ముక్కులోంచీ చిగుళ్ళలోంచీ రక్తం. అందరికీ కాదు. కట్టెలకూ ఎండుటాకులకూ అడవికి పోయినవాళ్ళకు, పశువులను తోలుకుపోయినవాళ్ళకు.

పుణెలో భారత వైద్య పరిశోధన మండలీ, అమెరికా రాక్‌ఫెల్లర్ ఫౌండేషనూ కలిసి 1952లో పెట్టిన వైరస్ పరిశోధన కేంద్రం అప్పటికి అయిదేళ్ళ పసిది. టెల్ఫర్డ్ వర్క్, హెరాల్డ్ ట్రాపిడో అనే డాక్టర్లూ, వాళ్ళతో పాటు మనవాళ్ళూ పరుగెత్తారు. దక్షిణ అమెరికా అడవుల్లో కోతులు ఇలా చస్తే పచ్చజ్వరం వచ్చిందని అర్థమట. ఆ జ్వరం మన దేశంలో లేనేలేదు. వస్తే మాత్రం దోమలకు కొదవా? అందుకే అంత కంగారు. చివరికి చూస్తే పచ్చజ్వరమూ కాదు, తెలిసిన మరేదీ కాదు. అంతకుముందు ఎవరూ చూడని కొత్త వైరస్. రష్యాలో వసంతకాలంలో వచ్చే ఒక మెదడువాపు వైరస్‌కు చుట్టం. మోసేది దోమ కాదు, గోమారి. ఊరి పేరే జబ్బుకు పెట్టారు, క్యాసనూరు అడవి జబ్బు అని. అక్కడి జనం మాత్రం ‘మంగన కాయిలె’ అంటారు. మంగ అంటే కన్నడంలో కోతి.

"రష్యా చుట్టం ఇక్కడికి ఎట్లొచ్చిందే?" అన్నాను.

"అదే అందరి అనుమానమూ. చలికాలంలో ఉత్తరాది నుంచి వలస వచ్చే పక్షుల ఒంటి మీద గోమార్లు ఎక్కి వచ్చాయేమోనని పక్షుల పెద్దాయన సాలిం అలీ గారు రంగంలోకి దిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో 1959 నుంచి వేల పక్షులను పట్టి, కాళ్ళకు కడియాలు తొడిగి వదిలారు."

పక్షుల మీద నేరం రుజువు కాలేదట. కాని ఏ పిట్ట ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో మన దేశానికి లెక్క దొరికింది. ఉప్పు కోసం వెతికితే పోపు డబ్బా దొరకడం మన వంటింట్లోనూ ఉన్నదేగా!

ఇక గోమారి సంసారం వినండి. గుడ్డు పగిలినప్పుడు దానికి ఆరే కాళ్ళు. ఒకసారి రక్తం తాగి కుబుసం విడిస్తే ఎనిమిది కాళ్ళ పిల్ల. ఇంకోసారి తాగితే పెద్దది. మూడోసారి తాగి, గుడ్లు పెట్టి చస్తుంది. మనుషులను ఎక్కువగా కరిచేది ఆ మధ్యది, నువ్వుగింజంత ఉండే పిల్ల. కార్తీకం వెళ్ళాక మొదలై మే నెల దాకా దాని రోజులే. అడవిలో మేసే పశువులు పెద్ద గోమార్లకు కడుపునిండా రక్తం పెట్టి వాటి సంతానాన్ని పెంచుతాయి. కోతి ఒంట్లోనేమో వైరస్ పెరుగుతుంది. ఆ కోతి చచ్చిందనుకోండి, దాని మీదున్న గోమార్లన్నీ దిగి, అది పడ్డచోటే ఆకుల్లో కాచుక్కూచుంటాయి. ఆ దారిన ఆకులకు పోయిన ఆడమనిషి కాలికి పట్టుకుంటాయి.

మనిషి నుంచి మనిషికి అంటదట. అదొక్కటే దేవుడి దయ. జబ్బు పడిన నూరుమందిలో ముగ్గురు నుంచి అయిదుగురి దాకా పోతారు. దీనికంటూ వేరే మందు లేదు. 1990 నుంచి వేస్తూ వచ్చిన టీకా సరిగా పనిచేయడం లేదని తేలి, 2022 తర్వాత ఆపేశారు. జబ్బేమో శివమొగ్గ దాటి 2012లో బందీపూర్, 2013లో కేరళ వయనాడు, 2015లో గోవా, 2016లో మహారాష్ట్ర సింధుదుర్గ్ దాకా పడమటి కనుమల వెంట పాకింది. కొత్త టీకా కోసం వైద్య పరిశోధన మండలితో కలిసి పనిచేస్తున్నది మన హైదరాబాదు కంపెనీయే, ఇండియన్ ఇమ్యునలాజికల్స్. ఆ మాట విన్నప్పుడు మాత్రం నేను చిక్కుడుకాయలు పక్కన పెట్టి, "అయితే ఆ హైదరాబాదులోనే ఉద్యోగం చూసుకోరాదూ!" అన్నాను.

"టీకా పనిచేసిందో లేదో తెలియాలంటే అడవిలో వైరస్ ఎక్కడుందో తెలియాలి కదమ్మా. అది ఎవరో ఒకరు పోయి చూడాలి."

ఆ ఎవరో ఒకరు నా కూతురే ఎందుకవ్వాలి? అదీ నా బాధ. పత్రికల్లో వెతికి మరీ ఒక ఆయుధం సంపాదించాను. 2011లో గుజరాత్‌లో, అహమ్మదాబాదు దగ్గర ఒక పల్లెటూరి ఆమెకు క్రిమియన్ కాంగో జ్వరం వచ్చింది. వైరస్ వేరు గాని అదీ గోమార్లదే. ఆమె పోయింది, ఆమెకు వైద్యం చేసిన డాక్టరు పోయాడు, సేవ చేసిన నర్సూ పోయింది. పేపరు ముక్క దాని ముందు పెట్టాను.

అది అబద్ధం చెప్పే పిల్ల కాదు. "ఇది కూడా చెప్తా విను. మా క్యాసనూరు వైరస్ మీద మొదట్లో పనిచేసిన పుణె కేంద్రంలోనే చాలామందికి లాబులో సోకింది. అందుకని ఆ పని ఆపేశారు కూడా. ఇప్పుడు 2012లో అక్కడే అన్నిటికంటే ఎక్కువ కట్టుదిట్టం ఉండే నాలుగో స్థాయి లాబు కట్టారు. మేం అడవికి పోయేటప్పుడు ప్యాంటు మేజోళ్ళలో దోపుకుంటాం, ఒంటికి డెపా నూనె రాసుకుంటాం, రాగానే వేణ్ణీళ్ళు పోసుకుని ఒళ్ళంతా వెతుక్కుంటాం, బట్టలు ఉడకబెడతాం. భయం లేదని చెప్పను. జాగ్రత్త ఉందని చెప్తా."

నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆడవాళ్ళ ఆఖరి వాదన అదేగా. అప్పుడు మాట్లాడారు మావారు.

మావారు బాయిలో సర్దారుగా చేశారు. మా దగ్గర బొగ్గుగనిని బాయి అనే అంటాం. సర్దారంటే పనివాళ్ళకంటే ముందు లోపలికి పోయి, గాలి చూసి, గ్యాసు చూసి, పైకప్పును కర్రతో తట్టి చూసేవాడు. గట్టి కప్పు ఒకరకంగా పలుకుతుంది, వదులైనది డొల్లగా పలుకుతుంది. ఆయన సరేనన్నాకే మిగతావాళ్ళు తట్ట ఎత్తేది. ముప్పైరెండేళ్ళు ఆ పని చేశారు. ఆ ముప్పైరెండేళ్ళూ నేను గడియారం చూస్తూ బతికాను. వేళకాని వేళ సైరన్ మోగితే పొయ్యి మీది పాలు పొయ్యి మీదనే వదిలి బజారులోకి ఉరికేదాన్ని. శ్రీరాంపూర్‌లో ఏ ఇల్లాలినడిగినా ఇదే చెబుతుంది.

"ఏమే," అన్నారాయన, "నేను బాయిలకు పోయిననాడు ఒక్కనాడన్న పోవద్దన్నవా?"

"అన్లేదు. అంటే మీరు ఆగుతారా? ఇల్లు గడవద్దా?"

"ఇల్లు గడవడానికైతే పోవచ్చు, పదిమంది పానం గడవడానికైతే పోవద్దా? నేను కప్పు తట్టి చూసిన. అది అడవిని తట్టి చూస్తున్నది. కోతి సచ్చిందంటే కప్పు డొల్లగ పలికినట్టే. ముందుగాల ఇన్నోడు చెప్పకుంటే ఎనకొచ్చేటోళ్ళు ఏంగావాలె?"

నేను ఏమీ అనలేదు. చిక్కుడుకాయ కూర ఆ పూట ఉప్పు ఎక్కువైంది.

సంక్రాంతి వెళ్ళాక అది నన్ను అక్కడికి తీసుకుపోయింది, జోగ్ జలపాతం చూపిస్తానని ఆశపెట్టి. మంచిర్యాలలో రైలెక్కి, సికింద్రాబాదు, బెంగుళూరు, సాగర... నడుము విరిగింది. తీరా చూస్తే జనవరిలో ఆ జలపాతం మన వీధి కుళాయి లాగే ఉంది, సన్నగా, మొహమాటంగా. కాని ఆ ఊళ్ళు మాత్రం ఎంత బాగున్నాయనుకున్నారు! వక్కతోటలు, పెంకుటిళ్ళు, ఇంటి వెనకే అడవి. ఆ అడవి అంచునే మా అమ్మాయీ, ఇంకో ఇద్దరూ తెల్లని ఫ్లానెల్ గుడ్డను ఎండుటాకుల మీద నెమ్మదిగా లాగుతుంటే దూరంగా జీపు దగ్గర నిలబడి చూశాను. నాలుగడుగులు లాగడం, గుడ్డ తిరగేయడం, పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి సీసాలో వేయడం, సీసా మీద చోటూ తేదీ రాయడం. ఏ జాతివి ఆ జాతివి వేరుచేసి, లాబుకు పంపి, వైరస్ ఉందో లేదో చూస్తారు. ఇంతా చేస్తే, ఆ ఓపిక ఎక్కడిదో నాకు తెలుసు. మా అమ్మ దీపం పట్టుకుని బర్రె చెవి వెనక వెతికిన ఓపికే అది. బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు మీకూ నాకూ ఉండేదే.

అప్పుడే అడవిలోంచి ఒకావిడ ఎండుటాకుల గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. నా ఈడే ఉంటుంది. కాళ్ళకు చెప్పులు కూడా లేవు. మా అమ్మాయి ఆమెతో వచ్చీరాని కన్నడంలో మాట్లాడి నాకు తెలుగులో చెప్పింది. వాళ్ళింట్లో ఇద్దరికి ఆ జ్వరం వచ్చిందట. ఒకరు లేచారు. ఒకరు లేవలేదు.

"అయినా ఆకులకు ఎందుకు పోతావని అడుగు," అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. ఆకులు తేకుంటే కొట్టంలో గొడ్డు కింద ఏం పరచాలి, తోటకు ఎరువు ఎక్కణ్ణుంచి వస్తుంది అన్నదట. ఎండాకాలంలో మా చెన్నూరు, ఆసిఫాబాద్ అడవులకు తునికాకు కోయబోయే ఆడవాళ్ళు గుర్తుకొచ్చారు. వద్దని వాళ్ళకు మాత్రం ఎవరు చెప్పగలరు? మా అమ్మాయి ఆమె గంప దింపించి, డెపా నూనె సీసా ఇచ్చి, ఎలా రాసుకోవాలో తన మోచేతికి రాసి చూపించింది. ఆమె వెళ్తూ వెళ్తూ దాని తల నిమిరింది. నా కూతురి తల నాకంటే ముందు ఆమె నిమిరిందే అని ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ రాత్రి గదిలో వేణ్ణీళ్ళు పోసుకుని వచ్చాక, "ఇటు కూర్చో" అన్నాను. చిన్నప్పుడు బడి నుంచి రాగానే పేలు చూసినట్లు, జుట్టు పాయలు పాయలుగా విడదీసి, చెవుల వెనకా మెడ మీదా వెతికాను. "అమ్మా, నేను చూసుకున్నానే" అంటూనే అది నా మోకాళ్ళ మీద తలపెట్టి నిద్రపోయింది.

ఫిబ్రవరి ఆఖర్లో ఫోను వచ్చింది. "అమ్మా, కొంచెం జ్వరం. కంగారుపడకు, రక్తం పరీక్షకు పంపారు" అంది. కంగారుపడకు అంటే పడకుండా ఉండే తల్లిని నేనింతవరకూ చూడలేదు. కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాను. రెండు రాత్రులు నిద్ర లేదు. పక్క మంచంలో మావారు కూడా కళ్ళు మూసుకున్నారే గాని నిద్రపోలేదని ఊపిరి చప్పుడే చెప్పింది. ముప్పైరెండేళ్ళలో ఆయన మొదటిసారి, నేను కూర్చున్న చోట కూర్చుని ఎదురుచూశారు. "ఇట్లనే ఉండేదా నీకు?" అన్నారు రెండోరాత్రి చీకట్లో. "ఊఁ" అన్నాను. అంతే. అంతకంటే మేం ఏమీ మాట్లాడుకోలేదు.

మూడోనాడు రిపోర్టు వచ్చింది. అది కాదు. మామూలు జ్వరమే. వారానికి లేచి మళ్ళీ గుడ్డ పట్టుకుని అడవికి పోయింది. నేను పోవద్దనలేదు. "మేజోళ్ళు బాగా లాక్కో" అన్నాను.

ఏప్రిల్‌లో మా వీధిలో కోతి చచ్చింది. శ్రీరాంపూర్‌లో కోతుల సంగతి మీకు తెలీదు, ఎండబెట్టిన వడియాలు తిరిగి ఇంట్లోకి వస్తే పండగే! కాని చచ్చిందంటే మాత్రం అది అంజన్నే. ఎదురింటి వదినె పసుపూ కుంకుమా తెచ్చింది. పిల్లలు డప్పులవాళ్ళ కోసం పరుగెత్తారు. ఒకాయన దాన్ని రెండు చేతులా ఎత్తబోయాడు.

"ఆగండి! ముట్టుకోకండి!" అన్న కేక నాదేనని నాకే కాసేపటికి గాని తెలీలేదు.

"ఏందక్కా, దేవుణ్ణి ముట్టద్దంటవా?" అన్నది వదినె, నొచ్చుకుని.

అది కరెంటు తీగ తగిలి పడిందని నాకూ తెలుసు, చేయి కాలి ఉంది. ఆ జబ్బు కనుమల అవతలిదనీ తెలుసు. కాని ముందు కప్పు తట్టి చూడాలి కదా! "దేవుడికి దండం దూరం నుంచైనా అందుతుంది వదినె," అన్నాను. పిల్లల్ని దూరం జరిపించాను. పశువుల డాక్టరుకు కబురు పంపాను. ఆయన మనిషి వచ్చి చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని చూసి, కరెంటేనని చెప్పాక, లోతుగా గుంట తీయించి పూడ్పించాం. కొబ్బరికాయ కొట్టాం, భజన కూడా చేశాం. దేవుడికేం లోటు రాలేదు.

మావారు గేటు దగ్గర నిలబడి అంతా చూసి, "సర్దార్నివైనవే!" అన్నారు.

ఇది జరిగిన నాలుగో రోజు మంచిర్యాల నుంచి ఫోను. ఆ గారె తల్లిగారే. కుశలప్రశ్నలయ్యాక గొంతు తగ్గించి, "మా కుక్కకు ఒకటే గోమార్లండీ, మంచాల కిందకు కూడా పాకుతున్నాయి. మీ అమ్మాయినడిగి ఏం చేయాలో చెబుతారా?" అంది.

చేతులతో పీకి చిదమొద్దనీ, పశువుల డాక్టరుకు చూపించి మందు పెట్టించమనీ, అమ్మాయినడిగే పని లేకుండా నేనే చెప్పేశాను. ఆమె శ్రద్ధగా విని, కాసేపాగి, "అన్నట్టు... అమ్మాయి ఊరికి ఎప్పుడొస్తుందీ?" అన్నది.

"వానలు పడ్డాక వస్తుందండీ," అన్నాను. "గోమార్ల రోజులు కదా, అందాకా మా పిల్లకు అస్సలు తీరిక లేదు."